క్రైస్తవం, రాజకీయాలు కలిపి చదవాలంటే సెమినరీకా, యూనివర్సిటీకా?

ప్రశ్న ఇదీ: తెనాలి దగ్గర పల్లెటూరు, నాన్నగారు లూథరన్ పాస్టరు. బీటెక్ అయ్యాక నాలుగేళ్లుగా మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. క్రైస్తవానికీ రాజకీయాలకూ ఉన్న సంబంధాన్ని పద్ధతిగా చదువుకోవాలని ఉంది. సెమినరీలో చేరాలా, యూనివర్సిటీలోనా? ఇక్కడా, విదేశాల్లోనా? ఆ చదువు కూడు పెడుతుందా?

నేను ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చి ముప్ఫై ఏళ్లు దాటింది. అందులో ఎక్కువ భాగం సెమినరీ పిల్లలకు చర్చి చరిత్ర చెప్పడంలోనే గడిచింది. ఈ ప్రశ్న ఏడాదికి నలుగురైదుగురు అడుగుతూనే ఉంటారు. అందరికీ నేను ముందు పెట్టే పని ఒకటే. కోర్సు పేరు తర్వాత వెతుక్కోవచ్చు, మీ బుర్రను తొలుస్తున్న సంగతేంటో ఒక్క వాక్యంలో రాయండి. "క్రైస్తవం, రాజకీయాలు" అంటే అది సముద్రం. ఏ రేవు నుంచి దిగుతారో తేలకుండా పడవ బేరం చేయడం దేనికి?

మూడేళ్ల కిందట మీలాంటి కుర్రాడే ఒకతను ఆదివారం ఆరాధన అయ్యాక కుక్ టౌన్‌లో మా ఇంటికి వచ్చాడు. ఎడిన్‌బరో యూనివర్సిటీకి పంపడానికి నాలుగు పేజీల ఎస్‌వోపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే దరఖాస్తు వ్యాసం) రాసుకొచ్చాడు. మొదటి పేజీ నిండా అగస్టీను, 410లో రోమ్ నగరం దోపిడీకి గురికావడం. రెండో పేజీ లూథరు చెప్పిన రెండు రాజ్యాలు. మూడో పేజీ 1934 నాటి బార్మెన్ ప్రకటన, హిట్లర్‌కు తలొగ్గని పాస్టర్లు. తప్పులేం లేవు, కానీ అతనివి కూడా ఏమీ లేవు. నాలుగో పేజీ అడుగున మాత్రం ఒక వాక్యం కనిపించింది: "సర్టిఫికెట్లో నేను హిందువును, ఆదివారం చర్చిలో డ్రమ్స్ వాయిస్తాను." పెన్సిల్ తీసుకుని మొదటి మూడు పేజీలూ అడ్డంగా కొట్టేశాను. పాపం, మొహం మాడిపోయింది. మా ఆవిడ కాఫీ ఇచ్చి కాస్త తేరుకునేలా చేసింది. "నీ థీసిస్ ఈ వాక్యమేనయ్యా, ఆ పెద్దాయనలందరూ దీనికి సాయం వస్తే వస్తారు, లేకపోతే లేదు" అన్నాను.

ఆ వాక్యం వెనక ఎంత ఉందో చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాలో, హిందువులు కానివాళ్లను షెడ్యూల్డ్ కులాలవాళ్లుగా పరిగణించరాదని ఉంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన ఆంధ్రలో క్రైస్తవంలోకి వచ్చిన దళితులకు బీసీ–సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. అందుకే మన పల్లెల్లో తహసీల్దారు ఆఫీసులో ఒక పేరు, బాప్తిస్మం రిజిస్టరులో ఇంకో పేరు. మీరు పాస్టరు గారి అబ్బాయి, మీకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దీని మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన మనుషుల్లో సూసై అని ఒకాయన ఉన్నాడు. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. రోడ్డు పక్కన పనిచేసే షెడ్యూల్డ్ కులాల చెప్పులు కుట్టేవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా బంకులిచ్చింది. సూసైకి ఇవ్వలేదు, ఎందుకంటే ఆయన క్రైస్తవుడు. అదే వీధి, అదే తోలు, అదే ఆరె. 1985లో కోర్టు ఏమందంటే, మతం మారాక కూడా ఆ కులం మీద పాత వివక్ష అంతే తీవ్రంగా కొనసాగుతోందని చూపాలి, చూపేందుకు చాలినంత సమాచారం మా ముందు లేదు, అంది. నేను ఈ తీర్పును క్లాసులో చదివించిన ప్రతిసారీ ఒకటే చెప్పేవాణ్ణి: ఇక్కడ కోర్టు అడిగింది వకీలును కాదు, పరిశోధకుణ్ణి. ఆ లోటు పూడ్చడానికి కమిషన్లు వచ్చాయి. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో నివేదిక ఇచ్చింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కేంద్రం 2022లో ఇంకో కమిషన్ వేసింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. మరోవైపు 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన సెల్వరాణి కేసులో, రిజర్వేషన్ ప్రయోజనం కోసమే మతం మారామనడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు అంది. 2025లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్న ఒకాయన పెట్టిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసును, మతం మారినవారికి ఆ చట్టం వర్తించదంటూ కొట్టేసింది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తా. ఇదే సంగతిని ఏ గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్తే ఆ ఇంటి వంట అవుతుంది.

న్యాయశాస్త్రం గుమ్మంలోంచి వెళ్తే షెడ్యూల్డ్ కులాల జాబితా గురించిన 341వ అధికరణం, సూసై, సెల్వరాణి కేసులు. వాటితో పాటు 25వ అధికరణంలోని "ప్రచారం చేసుకునే హక్కు" అనే మాట. రాజ్యాంగ సభలో ఆ మాట కోసం జరిగిన వాదన చదివి తీరాలి. సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు, జెరోమ్ డిసౌజా మద్రాసు నుంచి వచ్చిన జెస్యూట్ ఫాదరు. అంత కొట్లాడి పెట్టించుకున్న మాటకు 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసుకోవచ్చు గాని ఇంకొకరి మతం మార్చే హక్కు అందులో లేదు, అని అర్థం చెప్పింది. తమిళనాడులో 2002లో మతమార్పిడి నిరోధక చట్టం వచ్చి 2004లో పోయింది. కర్ణాటకలో 2022లో వచ్చింది, 2023 జూన్‌లో కొత్త మంత్రివర్గం దాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. ఈ దారి నచ్చితే మీరు ఊరు దాటక్కర్లేదు. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్లో డిగ్రీ అయినవాళ్ల కోసం మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ 2022 నుంచి నడుస్తోంది.

రాజనీతిశాస్త్రం గుమ్మంలోంచి వెళ్తే ఓట్లు, పార్టీలు, సమీకరణ. కేరళలో 1959లో కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోవడం వెనక విమోచన సమరంలో చర్చి పాత్ర ఏమిటి, నాగాలాండ్‌లో బాప్టిస్టు సంఘాలకూ ఎన్నికలకూ లంకె ఏమిటి, కోస్తాలో పాస్టర్ల సభలకు నాయకులు ఎందుకు పరిగెత్తుతారు. (ఇంత దూరం కూడా వెళ్లక్కర్లేదు. పాస్టరేట్ కమిటీ ఎన్నికలు, బిషప్ ఎన్నిక ఒక్కసారి దగ్గరుండి చూసినవాడికి కూటములు, ఫిరాయింపులు, ప్యానెళ్లు అన్నీ బోధపడతాయి. దాని మీద మంచి థీసిస్ ఎవరైనా తెలుగువాళ్లు రాస్తే చదివి చచ్చిపోవాలని నా కోరిక.)

వేదాంతం గుమ్మం వేరు. అక్కడ ప్రశ్న "ఏం జరిగింది" అని ఆగదు, "ఏది న్యాయం, దేవుడు ఎవరి పక్కన" అంటుంది. పై అధికారులకు లోబడమనే రోమా 13ను, మృగం గురించి చెప్పే ప్రకటన 13ను పక్కపక్కన పెట్టి కూర్చోవాలి. దక్షిణాఫ్రికాలో డచ్ రిఫార్మ్డ్ చర్చి వర్ణవివక్షను బైబిలుతోనే సమర్థించింది. అదే బైబిలుతో 1982లో ప్రపంచ రిఫార్మ్డ్ చర్చిల సమాఖ్య ఆ సమర్థన మతద్రోహమని తేల్చింది. మనకు ఇంకా దగ్గరిది చెప్పనా? 1981లో మిల్లర్స్ రోడ్డులోని యునైటెడ్ థియోలాజికల్ కాలేజీలో అర్వింద్ నిర్మల్ శూద్ర వేదాంతం గురించి ఒక ప్రసంగం చేశారు. దళిత వేదాంతం అక్కడి నుంచి మొదలైందని చెప్పుకుంటాం. అప్పటిదాకా భారతీయ క్రైస్తవ వేదాంతం అంటే ఉపనిషత్తులతో సంభాషణ. నిర్మల్ వచ్చి, చర్చిలో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఎవరు, వాళ్ల అనుభవం ఎక్కడ, అని అడిగారు. తర్వాత ఆయన చెన్నై కీల్పాక్‌లోని గురుకుల్ లూథరన్ కాలేజీలో దళిత వేదాంత శాఖను నడిపారు. మీరు లూథరన్ కాబట్టి గురుకుల్ పేరు ఇంట్లో విని ఉంటారు.

నాలుగోది చరిత్ర. ఇది నా ఇల్లు, పక్షపాతం ఉంటుంది, క్షమించాలి. చెన్నైలో మైలాపూరు దగ్గర లోకల్ రైలు స్తంభాల కింద మురుగై పారే బకింగ్‌హామ్ కాలువ చూశారుగా. 1876–78 కరువులో మా ఒంగోలు వైపు అదే కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర కాంట్రాక్టు పట్టాడు, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరకాలని. తిండి కోసం చేరుతున్నారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపింది తీశాక 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం. ఇది భక్తి కథా, కూలి కథా, మాదిగపల్లెల రాజకీయమా? మూడూ. వాటిని విడదీయకుండా రాయడమే చరిత్రకారుడి పని. దోర్నకల్ బిషప్ అజరయ్య సంగతి కూడా అంతే. 1912లో అభిషేకం పొందిన తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్. పుట్టుక తిరునెల్వేలి, పని తెలుగు పల్లెల్లో. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దే వద్దన్నాడు, సంఘం రాజకీయ వర్గంగా మారిపోతుందని ఆయన భయం. మతమార్పిడి విషయంలో గాంధీగారితో ఆయనకు పడలేదు. అటు ప్రభుత్వం ఇస్తానన్న సీట్లూ వద్దు, ఇటు మహాత్ముడి మాటా వద్దు. ఆ మనిషి నిలబడ్డ చోటు ఎక్కడో ఇంకా సరిగ్గా తేలలేదు.

ఇప్పుడు చోట్ల గురించి చెప్తాను, నాకు తెలిసినంత.

యూటీసీ, అంటే ఇందాక చెప్పిన యునైటెడ్ థియోలాజికల్ కాలేజీ, 1910లో మొదలైంది. డిగ్రీలు ఇచ్చేది బెంగాల్‌లోని సెరంపూర్ కాలేజీ సెనేటు. 1818లో మిషనరీ విలియం కేరీ బృందం పెట్టిన కాలేజీ అది, 1827లో డెన్మార్క్ రాజు డిగ్రీలిచ్చే అధికారం రాసిచ్చాడు. మీరు యూటీసీలో ఎం.టీహెచ్. (వేదాంతంలో మాస్టర్స్) చేయాలంటే ముందు బి.డి. (వేదాంతంలో డిగ్రీ) కావాలి, అంటే కొన్నేళ్లు హెబ్రూ, గ్రీకు, ప్రసంగశాస్త్రం అన్నీ చదవాలి. చాలాచోట్ల మీ సంఘం నుంచి సిఫారసు ఉత్తరం కూడా అడుగుతారు. పాస్టరు అయ్యే ఉద్దేశం లేకపోతే ఇది పెద్ద చుట్టుదారి. ఉద్దేశం ఉంటే మాత్రం ఇంతకంటే మంచి దారి లేదు. ఎం.టీహెచ్.లో క్రైస్తవ నీతిశాస్త్రం గానీ, క్రైస్తవ చరిత్ర గానీ తీసుకోండి. అక్కడి ఆర్కైవ్స్‌లో మిషన్ల కాగితాలున్నాయి. బెంగళూరులోనే 1957లో మొదలైన సీఐఎస్‌ఆర్‌ఎస్ (మతం, సమాజం మీద అధ్యయనం చేసే క్రైస్తవ సంస్థ) ఉంది. పి.డి. దేవానందన్, ఆయన తర్వాత ఎం.ఎం. థామస్ నడిపిన సంస్థ. మతం, సమాజం, రాజ్యం మీద మనదేశంలో గట్టి చర్చ జరిగింది వాళ్ల పత్రికలోనే, పాత సంచికలు దొరికితే వదలకండి. థామస్ ఎమర్జెన్సీని బహిరంగంగా ఎదిరించారు, 1990లో నాగాలాండ్ గవర్నరూ అయ్యారు. చర్చి, రాజకీయం రెండూ ఒకే ఒంట్లో మోసిన మనిషి. కాథలిక్ వైపు హోసూరు రోడ్డులో ధర్మారామ్, ఎవాంజెలికల్ వైపు కొత్తనూరులో సాయాక్స్ అనే వేదాంత కాలేజీలు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో మొగ్గు ఉంటుంది, వెళ్లి లైబ్రరీలో ఒక పూట కూర్చుంటే తెలిసిపోతుంది.

పాస్టరు కావాలని లేనివాళ్లకు నేను చెప్పేది చెన్నై. మద్రాసు యూనివర్సిటీలో క్రిస్టియన్ స్టడీస్ శాఖ ఉంది, ఎం.ఏ., పీహెచ్.డీ. రెండూ ఉన్నాయి. ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి సంఘం ఉత్తరం గొడవ లేదు. హిందువులు, ముస్లింలు కూడా చదువుతారు, క్లాసులో అది చాలా మేలు. మైసూరు యూనివర్సిటీలోనూ ఇలాంటి శాఖ ఉంది.

విదేశాలంటే, పేరు చూసి పడిపోకండి. అమెరికాలో "చర్చి–రాజ్యం" అన్న చదువు వాళ్ల రాజ్యాంగం మొదటి సవరణ చుట్టూ, జెఫర్సన్ 1802లో రాసిన "అడ్డుగోడ" మాట చుట్టూ తిరుగుతుంది. బేలర్ యూనివర్సిటీలో 1957 నుంచి దీనికే ఒక సంస్థ ఉంది, ఎమరీలో న్యాయం–మతం కేంద్రం, సెయింట్ లూయిస్‌లో 2010లో పెట్టిన డాన్‌ఫోర్త్ కేంద్రం ఉన్నాయి. మంచివే. కానీ మన రాజ్యం గుడి ఆస్తులకు ఎండోమెంట్స్ శాఖ పెడుతుంది, మైనారిటీ కాలేజీలకు గ్రాంటు ఇస్తుంది, ఎవరిది ఏ కులమో మతాన్ని చూసి నిర్ణయిస్తుంది. ఇక్కడ గోడ ఎక్కడుంది? వాళ్ల కొలబద్ద మన గుడ్డకు సరిపోదు. మన ప్రశ్నలకు ఎడిన్‌బరో దగ్గర. ప్రపంచ క్రైస్తవం మీద ఒక కేంద్రం, వేదాంతం–ప్రజా సమస్యల మీద 1984లో పెట్టిన ఇంకో కేంద్రం అక్కడివే. దక్షిణాఫ్రికాలో స్టెలెన్‌బోష్‌లో, వర్ణవివక్షను ఎదిరించిన పాస్టరు బేయర్స్ నౌడే పేరు మీద ఒక కేంద్రం ఉంది, మనవాళ్లు ఎందుకో అటు చూడరు. బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదే, చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు, మీకు నాలుగేళ్లుంది.

డిగ్రీ చెల్లుబాటు గురించి ఒక దెబ్బ నేను స్వయంగా తిన్నాను. నా ఎం.టీహెచ్. అయ్యాక ఒక యూనివర్సిటీలో పీహెచ్.డీ.కి వెళ్తే, ఆఫీసులో పెద్దమనిషి "చెల్లుతుంది సార్, నిశ్చింతగా ఉండండి" అన్నాడు. ఫీజు కట్టాను, గైడ్ దొరికాడు, సినాప్సిస్ ఇచ్చాను. పదకొండో నెలలో ఉత్తరం వచ్చింది, సమానార్హత జాబితాలో మీ డిగ్రీ లేదని. "చెల్లుతుంది" అన్నాయన అప్పటికి బదిలీ అయిపోయాడు. కాబట్టి సెమినరీ డిగ్రీతో యూనివర్సిటీలోకి వెళ్లేటప్పుడు, ఆ యూనివర్సిటీ సమానార్హత ఉందని కాగితం మీద రాసి, సీలు వేసి ఇచ్చాకే ఫీజు కట్టండి.

కూడు సంగతి. సెమినరీల్లో పాఠం చెప్పే ఉద్యోగాలు చాలావరకు సంఘాల చేతుల్లో ఉంటాయి, జీతాలు మీ ఇప్పటి జీతంలో సగం ఉన్నా గొప్పే. మామూలు కాలేజీలో చెప్పాలంటే రాజనీతిశాస్త్రంలోనో చరిత్రలోనో ఎం.ఏ., నెట్ ఉండాలి. నెట్‌లో మతాల తులనాత్మక అధ్యయనం అనే సబ్జెక్టు ఉంది గాని పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఉద్యోగం అప్పుడే మానొద్దు. ఇగ్నోలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. రెండేళ్లలో అవుతుంది, అది కట్టండి. శనివారాలు మిల్లర్స్ రోడ్డు లైబ్రరీలో గడపండి. రెండేళ్ల తర్వాత కూడా ఈ పురుగు తొలుస్తూనే ఉంటే అప్పుడు రాజీనామా గురించి మాట్లాడుకుందాం.

మీ దగ్గర ఉన్న ఆస్తి ఏంటో మీకు తెలిసినట్టు లేదు. తెలుగు వచ్చు. సంఘం మినిట్స్ బుక్కుల్లో ఆ పాత గొలుసుకట్టు రాత చదవగలవాళ్లు, "కానుక", "సంఘ పెద్ద", "వెలి" అన్న మాటలకు పల్లెలో ఏ అర్థమో తెలిసినవాళ్లు ఎడిన్‌బరోలో ఎంతమంది దొరుకుతారు? దానితో పాటు ఒక చిక్కూ ఉంది. మీ ఊళ్లో మీరు ఇంటర్వ్యూకి కూర్చుంటే ఎదుటివాళ్లు పాస్టరు గారి అబ్బాయికి చెప్పే జవాబు చెబుతారు, ఆదివారం జవాబు. సోమవారం జవాబు కావాలంటే నాలుగు మండలాలు అవతలికి పోవాలి, నాన్నగారి పేరు ఎత్తకూడదు. సర్టిఫికెట్ల సంగతి అడిగేటప్పుడు ఎవరి పేరూ, ఊరూ నోట్‌బుక్కులో రాయొద్దు. మీ పుస్తకం తప్పుడు చేతుల్లో పడితే ఒకరి ఉద్యోగం పోతుంది.

ఒకసారి సెలవు పెట్టి శతాబ్ది ఎక్కండి. ఎగ్మూరు స్టేషను పక్కనే తమిళనాడు ఆర్కైవ్స్. 1953 దాకా మనం మద్రాసు వాళ్లమే కదా, మన జిల్లాల పాత రికార్డులు అక్కడా ఉన్నాయి. యూనివర్సిటీ నుంచో కాలేజీ నుంచో పరిచయ ఉత్తరం తీసుకెళ్లండి, కట్టలు విప్పితే దుమ్ముంటుంది, చేతిరుమాలు పెట్టుకోండి. చర్చి కట్టుకోవడానికి స్థలం అడిగిన పాలెం వాళ్ల అర్జీలు, వద్దంటూ ఊరివాళ్లు పెట్టిన ఎదురు అర్జీలు ఉంటాయి. ఒక అర్జీ అడుగున పదిహేడు వేలిముద్రలు, చివర ఒకే ఒక్క సంతకం, వంకరటింకర తెలుగులో, చూశాను నేను. మిషన్ బడిలో అక్షరం నేర్చినవాడు ఆ ఒక్కడే అయ్యుంటాడు. ఆ కాగితం ముందు కూర్చుని మధ్యాహ్నం భోజనం మర్చిపోయాను.

మీ వాక్యం రాసి ఈ జవాబు కిందే పెట్టండి. పెన్సిల్ చెక్కి ఉంచుతాను.